గునుగు మాడకుండా గడ్డిమందు

మా తోటికోడలు నర్మదను ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆమెను ఎగతాళి చేసే హక్కు నా ఒక్కదానిదే.

మెట్‌పల్లి దగ్గర మా పసుపు చేను గట్ల నిండా వయ్యారిభామ అనే కలుపు మొక్క ఉండేది. అది పూతకొచ్చిందంటే మా అత్త చంద్రవ్వకు దమ్ము లేచి ఊపిరాడదు. నిరుడు బతుకమ్మకు ఆమె మంచం దిగలేదు. బయట పాటలు వినబడుతుంటే గోడవైపు తిరిగి పడుకుంది.

గడ్డిమందు కొట్టలేదా అంటే, కొట్టేవాళ్లం, పండగ అయ్యాక! గునుగు పూలమొక్క కూడా ఆ గట్ల మీదే మొలుస్తుంది మరి. బతుకమ్మకు గునుగు లేకపోతే ఎట్లా అని ఊరంతా పండగ దాటాకే మందుకొట్టే పంపులు బయటికి తీసేది. అప్పటికి వయ్యారిభామ విత్తనం రాల్చేసి నిశ్చింతగా ఉండేది.

ఈ ఏడు తొలకరికే నర్మద పంపు వీపున వేసుకుంది. ఆకులు నేలకు పరుచుకుని ఉన్నప్పుడే మందు పనిచేస్తుందని, కాడ లేచాక దండగని రైతువేదికలో వ్యవసాయాధికారిణి చెప్పిందట.

"గునుగు మాడిందనుకో, నీ పంపు బాయిల పడేస్త," అంది అత్త.

"పడేద్దువు గని అత్తమ్మా, పండుగ దాక జర ఆగు."

మందు పక్కనున్న గునుగు మీద పడకుండా నాజిల్‌కు అడుగు కోసిన డబ్బా తొడిగి, ఒక్కో కలుపు మొక్క మీద బోర్లించి కొట్టింది. వాన పడ్డప్పుడల్లా కొత్తవి మొలిచేవి, మళ్లీ పోయేది. పక్క చేలవాళ్ల గట్లు కూడా వదల్లేదు. మొక్కమొక్కకూ తలంటు పోస్తున్నావా అని నేను నవ్వాను.

అయినా కొన్ని చావలేదు. మందు రెట్టింపు కలుపుదామన్నాడు మా మరిది మల్లేష్.

"వద్దు. ఏండ్లసంది ఒక్కటే మందు కొట్టినం. దానికి తట్టుకున్నయే మిగిలినయ్. గా మొండితనం ఇత్తనంల దిగుతది. పూత రాకముందే పీకాలె," అంది నర్మద తన మొగుడితో.

చేతులకు తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని వేళ్లతో సహా పీకాం. నవ్వినందుకు నాకూ సగం గట్టు అప్పగించింది, రాక్షసి.

పండగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దున అత్త తనే గట్టుకు నడిచింది. గునుగు ఏపుగా నిలబడి ఉంది. ఒడినిండా కోసుకుని, ఒక్కసారి కూడా దగ్గకుండా ఇల్లు చేరింది. సాయంత్రం వాడకట్టు ఆడవాళ్ల మధ్య నిలబడి మొదటి పాట ఆమే ఎత్తుకుంది. నర్మదకు కళ్లు నిండి చప్పట్లు తప్పాయి. నేనైతే గర్వంగా ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాను.

"ఏందే నర్మదా, సప్పట్లు సక్కగ గొట్టరాదా?" అని అత్త గద్దించింది. ఆ గొంతు వాడ చివరిదాకా వినబడింది.