సముద్రం వైపు యాంటెన్నా

గొప్పలు చెప్పుకుంటున్నాననుకున్నా ఫరవాలేదు. పలాస నుంచి టెక్కలి దాకా, అటు ఉద్దానం తీరమంతా, నేను ఎక్కని సెల్ టవరు లేదు. మాది వజ్రపుకొత్తూరు దగ్గర వేటకెళ్లే కుటుంబం. బోటెక్కితే నాకు కడుపులో తిప్పేది. అందుకని అన్న సముద్రం మీదికి పోయాడు, నేను ఇనుము మీదికి పోయాను.

పనిలో చేరిన కొత్తలో టవరు కింద ఏసీ గది ఉండేది. అందులో బీరువాలంత పెట్టెలు. అక్కడి నుంచి పైదాకా మణికట్టంత లావు నల్ల కేబుళ్లు. వాటిని భుజాన వేసుకుని ఎక్కితే రెండు రోజులు చెయ్యి లేచేది కాదు. 3జీ, 4జీ వచ్చేసరికి ఆ బీరువా కాస్తా చిన్న సూట్‌కేసంత అయిపోయి, యాంటెన్నా వెనకాలే ఎక్కి కూర్చుంది. లావు కేబులు పోయి చిటికెన వేలంత ఫైబరు వచ్చింది. ఇప్పుడు పలకలాంటి 5జీ యాంటెన్నాని తాడుతో పైకి లాగి బిగిస్తే సగం పని అయినట్టే. ఇదంతా నా చేతుల మీదుగా మారింది. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

ఆ చేతులతోనే ఒకసారి పెద్ద పొరపాటూ చేశాను.

మా ఊరికి 4జీ వచ్చినప్పుడు పాత యాంటెన్నాలు దించి, అన్ని రకాల ఫోన్లకూ కలిపి కొత్తవి పెట్టాం. ఒక్కొక్కటీ ఎన్ని డిగ్రీలు కిందికి వంగి ఉండాలో ఆఫీసు కాగితంలో రాసి ఉంటుంది. రాసినట్టే వంచాను. ఊళ్లో నెట్ పరుగెత్తింది, ఊరంతా నన్ను మెచ్చుకుంది. వారం తిరక్కుండా నడి సముద్రంలో అన్న బోటు ఇంజను ఆగిపోయింది.

మావాళ్లు లోతుని బారల్లో కొలుస్తారు, చేతులు చాచి తాడు పట్టుకుని. ఇదివరకు ఇరవై బారల దగ్గర కూడా అన్న బటన్ ఫోనుకి రెండు గీతలు ఉండేవి. ప్లాస్టిక్ కవరులో చుట్టి మెడకి కట్టుకునే ఆ ఫోనే వాళ్ల ధైర్యం. నేను కిందికి వంచిన కొత్త యాంటెన్నా సిగ్నలు ఊరి దాకానే ఆగిపోయి, ఆ రోజు ఒక్క గీతా లేదు. నలుగురు మనుషులు రోజున్నర నీళ్ల మీద కొట్టుకుపోయాక, భావనపాడు బోటువాళ్లు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. అన్న ఒడ్డున దిగాడు. అమ్మ నన్ను పట్టుకుని అంది, అందరి ముందూ.

"ఊరోళ్లకి సినిమాలు సూపించినావు. అన్న గొంతు నొక్కీసినావు."

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే పలాస వెళ్లి మా ఇంజనీరుగారిని పట్టుకున్నాను. సముద్రం వైపున్న యాంటెన్నా ఒక్కదాన్నీ కాస్త పైకెత్తనివ్వమన్నాను. ఆయన నవ్వారు.

"సిగ్నల్ కొలిచేది కారులో తిరిగి. సముద్రం మీద కారు పోదు. చేపలు రీచార్జి చేయించుకోవు కదయ్యా!"

నాకు ఒళ్లు మండింది. "చేపలు చేయించుకోవు సార్, పట్టేవాళ్లు చేయించుకుంటారు. కారు పోకపోతే బోటుంది, రండి" అన్నాను.

పంతం గల మనిషి, వచ్చారు. కెరటాలు దాటీ దాటకముందే ఆయన ఒక పక్కా నేనొక పక్కా వాంతులు. అన్న వెక్కిరించాడు, "ఇద్దరాపీసర్లూ నా బోటు కడిగీసి మరీ పోవాల!" అని. పది బారలైనా రాకముందే ఇంజనీరుగారి కొలిచే ఫోను మూగబోయింది. అన్న ఇంకా లోపలికి, ఇరవై బారల దాకా పోనిచ్చాడు. చుట్టూ నీళ్లే. ఆయన ఫోను వంక చూశారు, అన్న వంక చూశారు. ఒడ్డుకి తిరిగొచ్చాక ఇసకలోనే కూలబడి ఆఫీసుకి ఫోను చేశారు.

అనుమతి వచ్చిన రోజు పొద్దున్నే టవరెక్కాను. నట్లు వదులు చేసి, బ్రాకెట్టు మీది డిగ్రీల గీతలు చూసుకుంటూ యాంటెన్నాని పైకెత్తి బిగించాను. ఆపాటికే అన్న వేటకి బయల్దేరాడు. నాకు దిగబుద్ధి కాలేదు. బెల్టు కట్టుకుని అక్కడే నిలబడ్డాను. కింద అమ్మ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

ఫోను మోగింది. "పది బారలు" అని పెట్టేశాడు అన్న. కాసేపటికి "పదేను" అన్నాడు. ఆ తర్వాత ఎంతకీ మోగదే! ఫోను చెవి దగ్గరే పట్టుకుని సముద్రం వైపు చూస్తూ ఉన్నాను.

మోగింది.

"ఇక్కడేరా మొన్న ఇంజనాగింది" అన్నాడు. పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఉంది గొంతు. నాకు ఏడుపొచ్చేసింది. కింద అమ్మకి కనిపించేలా చెయ్యెత్తి ఊపాను.

"ఏట్రా, ఇనిపిత్తందా?"

"ఇనిపిత్తందన్నా."

"అయితే కట్ సెయ్యకు. ఇంకా లోపలికెల్తన్నాం."