అమెరాత్ కొండకా, బురైమి హైవేకా: పాత కారుకు వెనుక గేర్ వెతుక్కుంటూ ఖబూరా దాకా

కారు నాది, మా ఆయనది కాదు. పెట్రోల్ బంకులో ఆగిన ప్రతిసారీ అసలు ఓనరెక్కడని పక్క సీట్లోకి తొంగి చూస్తారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. 1971 నాటి అమెరికన్ కూపే. రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, మూడే గేర్ల ఆటోమేటిక్. మస్కట్ పక్కనే ఉన్న అల్ అమెరాత్‌లో మా పక్కింటి ఒమానీ పెద్దాయన పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉంటే బతిమాలి కొన్నాను. దాని వెనుక యాక్సిల్‌లో ఎవరో రేసుల సరదాకు 4.10 రేషియో గేర్ వేయించి పెట్టారు. అంటే ఇంజిన్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ నాలుగు చుట్లకు పైగా తిరిగితే గానీ వెనుక చక్రం ఒక చుట్టు తిరగదు. ఎత్తు ఎక్కడానికీ, సిగ్నల్ దగ్గర ముందుకు దూకడానికీ అది భేషుగ్గా పనికొస్తుంది. హైవే మీద మాత్రం పిండిమర పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

మొదట్లో ఆ గేర్‌తో నాకు ఏ పేచీ లేదు. నేను లెక్కల టీచర్ని. స్కూలు బౌషర్ వైపు కాబట్టి రోజూ కొండ రోడ్డు ఎక్కి దిగాలి, ఆ ఎత్తుకు 4.10 సరిగ్గా సరిపోయింది. తర్వాత మా ఆయన సుధాకర్‌ను కంపెనీ బురైమి సైట్‌కు పంపింది. మూడు నెలలే అన్నారు. ఎనిమిది నెలలైంది. ఆయనకిచ్చిన పికప్ సైట్ దాటకూడదు కనుక శుక్రవారం వస్తే నేనే బయల్దేరుతున్నాను, పోను మూడు వందల యాభై కిలోమీటర్లు. అలా తిరగ్గా తిరగ్గా వెనుక నుంచి సన్నగా ఈల మొదలైంది. అమెరాత్‌లో గ్యారేజీ నడిపే ఖాజా భాయ్ యాక్సిల్ కవర్ విప్పి ఆయిల్‌లో వేలు ముంచి చూపించాడు, వేలి నిండా ఇనుప రజను. "పండ్లు అరిగిపోయినాయి మా. ఇంగ మార్చాల్సిందే" అన్నాడు. ఆయనది కడప, మాది ప్రొద్దుటూరు, అందుకని మా మధ్య మొహమాటాలు తక్కువ.

మార్చక తప్పదు సరే, ఏ రేషియో వేయాలి? బురైమి దారిలోనే ఉన్న ఖబూరాలో పాత అమెరికన్ కార్ల సామాను అమ్మే ఒక పెద్దాయన దగ్గర నా యాక్సిల్‌కు పట్టే సెట్లు రెండున్నాయని ఖాజా భాయ్ కనుక్కున్నాడు. ఒకటి 3.73, కొండ బాగానే ఎక్కుతుంది, హైవే మీద కాస్త గోల చేస్తుంది. రెండోది 3.08, హైవే మీద హాయిగా పోతుంది, కొండ దగ్గర ఆయాసపడుతుంది. నా టైర్లతో లెక్క వేస్తే, 4.10తో తొంభైలో ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతుందో 3.08తో నూట ఇరవైలో అంతే తిరుగుతుంది. లెక్క తేలికే. తేలనిది ఒక్కటే, మా ఆయన తిరిగి వస్తున్నాడా లేదా అని. వస్తే నేను తిరిగేదంతా కొండ రోడ్డే, 3.73 చాలు. రాకపోతే ప్రతి వారం హైవేనే, 3.08 కావాలి. ఫోన్లో ఎప్పుడడిగినా "చూద్దాంలే" అని నీళ్లు నమిలేవాడు. ఈసారి తాడో పేడో తేల్చుకోవాలని శుక్రవారం పొద్దున ఆరింటికి ఖాజా భాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను.

"తొంభై దాటిచ్చొద్దు మా. దాటిచ్చినావంటే దారిలో బర్కా ఊరి కాడనే దిగి నడుచుకుంటా పోవాల" అని ఎక్కగానే షరతు పెట్టాడు. కొండ దాటి బౌషర్‌లో దిగి, మస్కట్ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా బాతినా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాం. పాత కారుతో ఈ దారిన వచ్చేవాళ్లు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకముందే ట్యాంకు నింపుకోవాలి, పైన బంకులు తక్కువ. నా కారు ఈ గేర్‌తో వంద కిలోమీటర్లకు పాతిక లీటర్లు తాగుతుంది. బంకు పక్క కాఫీ షాపులో చాయ్, గుడ్డు పరోటా రెండు వందల బైసాల చొప్పున, అంటే రియాల్‌లో ఐదో వంతు. ప్లేటు అందించిన మలయాళీ కుక్ కారును చూసి "ఏసీ హై క్యా?" అని అడిగాడు. ఉందన్నాను. ఎత్తులో ఆపేస్తానన్న సంగతి చెప్పలేదు.

దారి పొడుగునా ఖాజా భాయ్‌ది ఒకటే పాట. "మూడు డెబ్బైమూడు ఏసుకో మా. ఆ పక్క కొండకీ, ఈ పక్క రోడ్డుకీ రెండిటికీ సరిపోతాది."

"రెండిటికీ సరిపోయేదంటే రెండు చోట్లా తిట్టించుకునేదని అర్థం భాయ్."

"టీచరమ్మవి, నీతో మాటల్లో గెలిచేది యాడుంది" అని నవ్వి, ఈల ఎంతవరకు వచ్చిందో వినడానికి వెనక్కి తిరిగి సీటుకు చెవి ఆనించాడు.

ఎనిమిదిన్నర దాటాక ఖబూరా దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే దిగి సముద్రం వైపు తిరిగాం. అబూ నాసర్ అనే ఆ పెద్దాయన షెడ్డు ఇంటి వెనుక ఖర్జూరం తోటలోనే ఉంది కాబట్టి శుక్రవారమైనా తెరిచాడు. ముందు కహ్వా అనే ఏలకుల కాఫీ, ఖర్జూరాలు, వ్యాపారం తర్వాతే. తొందరపడితే చిన్నబుచ్చుకుంటాడు. ఆ తర్వాత గోనెసంచి పరిచి రెండు సెట్లూ పెట్టాడు. ఒక్కో సెట్‌లో పళ్లెమంత పళ్లచక్రం క్రౌన్ ఒకటి, దాన్ని తిప్పే చిన్న పినియన్ ఒకటి. ఖాజా భాయ్ ఒక్కో పన్నూ గోటితో గీకి చూసి రెండూ బాగున్నాయన్నాడు. రెండూ తీసుకుంటానంటే ముసలాయన ఒప్పుకోలేదు. "ఏక్ తుమ్హారా, ఏక్ మేరా" అని షెడ్డులో జాకీల మీదున్న తన కారు చూపించాడు. నేను వదిలేసింది ఆయన దాంట్లోకి పోతుందట. ఏదో ఒకటి రేపు మధ్యాహ్నంలోపు చెప్పమన్నాడు. నూట ఇరవై రియాళ్లు, బేరం లేదు. ఖాజా భాయ్ బావమరిదికి ఊళ్లో టైలర్ షాపుంది, రేపటిదాకా అక్కడుంటానని దిగిపోయాడు.

అక్కణ్నుంచి ఒక్కదాన్నే. సొహార్ దగ్గర ఎడమకు తిరిగితే వాదీ జిజ్జీ దారి, రెండు పక్కలా గోధుమరంగు కొండలు. ఏసీ ఆపేసి కిటికీలు దించి నడిపాను. రెసిడెంట్ కార్డు చేతికందేలా పెట్టుకోండి, దారిలో పోలీసులు అడగవచ్చు. పన్నెండు దాటాక బురైమి చేరాను. సుధాకర్‌కు కంపెనీ ఇచ్చింది ఒక గది, చిన్న వంటిల్లు. తలుపు తీయగానే కోడికూర వాసన వచ్చింది, మూలన కొత్త వాషింగ్ మిషన్ కనపడింది. ఇవాళో రేపో వెళ్లిపోయే మనిషి బట్టలు చేత్తో ఉతుక్కుంటాడు, లేకపోతే లాండ్రీకి వేస్తాడు. వాషింగ్ మిషన్ కొనడు. చేతులు కడుక్కుని కూర్చున్నాను. కూరలోకి నాకిష్టమని చెనిక్కాయల పొడి కూడా కొట్టి పెట్టాడు.

తిన్నాక విషయం చెప్పాను. ఆయనకు కార్లంటే పట్టదు, అందుకే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను. "ఒకటి కొండకు, ఒకటి ఈ దారికి. మీరు అమెరాత్ వచ్చేట్టుంటే కొండది కొంటా. రాకుంటే దారిది కొంటా. రేపు ఖబూరాలో చెప్పాల. ఏది కొనమంటారు?"

"కార్ల గురించి నాకేం తెలుసు. నీ ఇష్టం."

"నేనడిగేది కారు గురించి కాదు."

ఆయన ప్లేట్లు తీసుకుని సింక్ దగ్గరికి పోయాడు. ఉన్నవి రెండే ప్లేట్లు. కడిగినవే మళ్లీ కడిగాడు. ఇటు తిరగకుండానే "దారిదే తీసుకో" అన్నాడు.

"ఎన్నాళ్లు?"

"రెండేండ్లు. ప్రాజెక్ట్ అయ్యేదాకా. మస్కట్‌లో పని లేదంట. కాదంటే వీసా క్యాన్సిల్ కొట్టి ఇండియాకు పంపిస్తామన్నారు."

"ఎప్పుడు చెప్పినారు?"

"నెలయింది."

నాకు ఒళ్లు మండింది. ఆ నెలలో నాలుగుసార్లు వచ్చాను. నాలుగుసార్లూ కూర వండి పెట్టి, టైర్లలో గాలి చూసుకో అని చెప్పి పంపించాడు. ఆ మాటే అడిగితే తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "రెండేండ్లని తెలిస్తే రావడం మానుకుంటావేమోనని భయమేసింది. ఇన్ని కొండలు దాటుకుని ఎన్నాళ్లొస్తావు నువ్వు మాత్రం" అన్నాడు. నాకు కోపం పోలేదు, ఏడుపు మాత్రం వచ్చింది. ఇద్దరి జీతాలూ కావాలి మాకు. నేను ఉద్యోగం మానేసి రాలేను, ఆయన మానేసి రాలేడు. అది ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం ఆయనే కారు కడిగాడు.

శనివారం పదకొండింటికి మళ్లీ ఖబూరాలో ఉన్నాను. "మూడు సున్నా ఎనిమిది ఇవ్వమని చెప్పు భాయ్" అన్నాను. ఖాజా భాయ్ వాదనకు దిగుతాడనుకున్నాను. దిగలేదు. "ఎన్నాళ్లంట?" అని మాత్రం అడిగాడు. రెండేళ్లన్నాను. సెట్టు గోనెగుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టి, డిక్కీ మూత మీద చెయ్యి అలాగే ఉంచి, "నా పెండ్లాన్ని కడపలో వదిలిపెట్టొచ్చి పదకొండేండ్లు మా. ఈడ్నించి ఆడికి రోడ్డే గానీ ఉండుంటే, రెండున్నర గేరు ఏసుకోనైనా వారం వారం పోతుంటి" అన్నాడు.

బిగించడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పళ్లు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడటానికి ఖాజా భాయ్ పసుపులో నూనె కలిపి క్రౌన్‌కు పూసి తిప్పుతాడు. పసుపు చెరిగిన మచ్చ పన్ను నడుమ పడాలి, అంచున పడితే మళ్లీ ఈల. మూడోసారికి నడుమ పడింది. స్పీడోమీటర్‌ను తిప్పే చిన్న పళ్లచక్రం కూడా మార్పించాను. లేకపోతే నేను నూట ఇరవైలో పోతుంటే ముల్లు తొంభై దగ్గరే నిలబడుతుంది, దారి పొడుగునా కెమెరాలున్న దేశంలో అది మంచిది కాదు.

ఇప్పటికి మూడు శుక్రవారాలు వెళ్లొచ్చాను. ఈల లేదు, మోత లేదు, పెట్రోల్ ఖర్చూ తగ్గింది. అమెరాత్ కొండ మీద మాత్రం వారానికి ఐదు రోజులు నా వెనుక పికప్‌లు హారన్ కొడుతూనే ఉంటాయి, కుడి పక్కకు తప్పుకుని అందరికీ దారి ఇస్తాను. రెండేళ్లు అలాగే ఎక్కుతాను. మొదటివారం నూట ఇరవైలో ఇంజిన్ అంత నెమ్మదిగా తిరుగుతుంటే సంతోషించాల్సింది పోయి సొహార్ దాకా కళ్లు తుడుచుకుంటూనే నడిపాను. ఎనిమిది నెలలుగా నేను మోస్తున్న ఆశ ఒక్కటే, ఆయన వచ్చేస్తాడని. దాన్ని విప్పేసి దాని స్థానంలో 3.08 బిగించుకున్నానని ఆ రోజు తెలిసింది.

ఇలాంటి కారుకు గేర్ మార్చాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. టైరు ఎత్తు, గేర్‌బాక్స్, హైవే వేగం అన్నీ లెక్క వేసుకోండి. వాటన్నిటికంటే ముందు ఆ కారు ఏ దారిలో ఎన్నేళ్లు తిరగాలో ఇంట్లో మనిషిని సూటిగా అడగండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మొగుడు అసలే చెప్పడు. జవాబు నచ్చకపోవచ్చు, కానీ గేర్ మాత్రం సరైనది పడుతుంది.