వద్దు వద్దంటూనే

మా చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిని ఎన్నుకునేటప్పుడు ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి పేరు ప్రతిపాదిస్తే వాళ్ళు తల వంచుకుని, నేనంతటిదాన్ని కాదండీ అనాలి. మిగతావాళ్ళు బతిమాలాలి. అప్పుడు దేవుని చిత్తమంటూ ఒప్పుకోవాలి. అడగ్గానే సరేనన్న మనిషిని ఈ విజయవాడలో నేను చూడలేదు, మొన్నటి ఎన్నిక దాకా.

ఆ ఆదివారం రిటైరైన నర్సుగారొకరు, ఎవరూ ప్రతిపాదించకుండానే లేచి నిలబడ్డారు.

"నాకీ పదవి కావాలండీ. ఆరాధన అయ్యాక నెలకోసారి ఈ హాల్లో ఆడవాళ్ళకి బీపీ, షుగరు చూస్తానంటూ ఎన్నిసార్లడిగినా హాలు తాళం ఇవ్వట్లేదు. అధ్యక్షురాలినైతే తాళం నా దగ్గరే ఉంటుంది."

నా వెనక బెంచీ మీద ఒకావిడ ముక్కున వేలేసుకుంది. ఇంత ఆశా, సిగ్గు లేకపోతే సరి అంది.

తర్వాత మా అత్తగారి పేరు వచ్చింది. ఆవిడ నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కూర్చుని, నాకెందుకమ్మా పదవులు, ఓ మూల ప్రార్థన చేసుకుంటే చాలన్నారు. కళ్ళు కూడా ఒత్తుకున్నారు. వారమంతా ఓట్ల కోసం ఇంటింటికీ ఆవిణ్ణి కార్లో తిప్పింది నేనే. అధ్యక్షురాలినని ఫొటోతో వేయించుకున్న ఫ్లెక్సీ ఆ కారు డిక్కీలోనే ఉంది. ఆదివారం షాపు తియ్యరని ముందు రోజే తొందరపెట్టి అచ్చు వేయించారు.

బతిమాలారు. ఒప్పుకున్నారు. పాస్టరుగారు హాలు తాళంచెవి చేతిలో పెడితే, వినయమంటే ఇదీ అని అందరూ చప్పట్లు కొట్టారు.

ఆశపడటం తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. నర్సుగారు కావాల్సింది నోరు తెరిచి అడిగారు, ఎందుకో కూడా చెప్పారు. మా అత్తగారిదీ ఆశే. దానికి తొడిగిన వినయం చూస్తేనే నాకు రోత.

ఇంటికొచ్చాక ఆవిడ సోఫాలో వాలిపోయి తల తిరుగుతోందన్నారు. నర్సమ్మని ఓసారి రమ్మనమని నన్ను పురమాయించారు, బీపీ చూసిపోతుందట. సిగ్గుతో చచ్చిపోతూ ఫోన్ చేశాను.

నర్సుగారు వచ్చారు. చేతికి పట్టీ చుట్టి చూసి, బాగానే ఉందండీ అన్నారు. వెళ్ళబోతూ, వచ్చే ఆదివారం హాలు తాళం ఇప్పిస్తారా అని అడిగారు.

అత్తగారు కళ్ళు మూసుకున్నారు.

"నా చేతుల్లో ఏముందమ్మా. ప్రార్థన చేద్దాం."

తాళంచెవి అప్పటికే ఆవిడ కొంగుకు ముడేసి ఉంది.