అక్క రాసిన పదకొండు ఇళ్లు

నేను ఓపెన్‌కాస్ట్ గనిలో ఎలక్ట్రీషియన్ని. పంపు ఆగినా, బొగ్గు మోసే బెల్టు ఆగినా నాకే కబురొస్తుంది. వెబ్‌సైట్లు కట్టడం నా పని కాదు, నాకున్న పిచ్చి. డ్యూటీ దిగి గోదావరిఖని క్వార్టర్‌లో కూర్చుని, అద్దెకు తీసుకున్న ఒక చిన్న సర్వర్‌ను చెడగొట్టుకోవడం, మళ్లీ బాగుచేసుకోవడం నాకు కాలక్షేపం. పేకాట కన్నా నయమని మా ఆవిడ ఊరుకుంటుంది.

ఆ సర్వర్‌కు మొదటిసారి పనికొచ్చే పని తెచ్చింది మా అక్క.

అక్కను రామగిరి వైపు ఒక ఊరికి ఇచ్చారు. అక్కడే అంగన్‌వాడీ టీచర్. గని విస్తరణకు ఆ ఊరు పోతుందని అందరికీ ఎప్పటినుంచో తెలుసు. నాకు జీతమిచ్చే గనే మా అక్క ఊరిని తీసుకుంటోంది. ఈ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు గానీ, అక్క ఏదైనా అడిగితే కాదనడానికి నాకు నోరు రాదు. ఆ రోజుల్లో ఒక్కో కుటుంబం ట్రాక్టర్‌లో సామాను వేసుకుని వెళ్లిపోతోంది. ఖాళీ అయిన ఇంటిని వారం తిరక్కుండా పొక్లెయిన్ వచ్చి నేలమట్టం చేస్తోంది.

"ఇల్లు కూలకముందే దాని ముచ్చట రాసి పెట్టాలె తమ్మీ," అంది అక్క. "ఎవ్వలు ఏ మూల వండుకున్నరు, తానాలు చేసే జాలాట ఎటు దిక్కుండె, ఏ గోడకు పిల్లల ఎత్తులు గీసుకున్నరు. ఫోటోలు అందరు తీస్తున్నరు. ఫోటోలల్ల ముచ్చట రాదు."

ప్రతి ఇంటి ముందూ నిలబడి ఫోన్‌లోనే రాస్తానంది. అలా రాయడానికి వీలుగా ఒక సైటు కావాలి. మొదట నేను అందరూ వాడే పెద్ద సాఫ్ట్‌వేర్‌నే ఎక్కించాను. దానికి డేటాబేస్ కావాలి, బోలెడంత మెమరీ కావాలి. నా సర్వర్‌కు అది బర్రెను ఆటోలో ఎక్కించినట్టయింది. రెండు రోజులు దానితో కొట్టుకుని, తీసిపారేసి, తేలికైనదొకటి వెతికి పట్టుకున్నాను. దానికి డేటాబేస్ అక్కర్లేదు. ఒక్కో పేజీ ఒక్కో చిన్న ఫైలుగా ఒక ఫోల్డర్‌లో పడి ఉంటుంది. మొత్తం సరంజామా కలిపినా అక్క ఫోన్‌లోని ఒక ఫోటో అంత లేదు. ఫైళ్లు సర్వర్‌లో విప్పి, ఏ పేరు అడిగితే ఏ ఫోల్డర్ చూపాలో వెబ్ సర్వర్‌కు చెప్పి, అక్క పేరు మీద ఒక లాగిన్ తయారుచేశాను. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.

అక్కను క్వార్టర్‌కు పిలిచి రాయించి చూశాను. "ఇది మా ఊరు" అని ఒక ముక్క కొట్టి సేవ్ నొక్కింది. సైటులో కనబడింది. నాకు పట్టరాని సంతోషమైంది.

అక్క బస్సెక్కాక చేశాను అసలు పని. మా డ్యూటీలో ఒక పద్ధతుంది. మోటారు మీద చేయి వేసే ముందు కరెంటు ఆపి, ఆ స్విచ్చుకు ఎవరి తాళం వాళ్లు వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుంటాం. మేనేజర్ వచ్చినా ఆ తాళం తీయడానికి లేదు. ఇన్నేళ్ల తరువాత నా పది వేళ్లూ నాకున్నాయంటే ఆ అలవాటే కారణం. సర్వర్‌లోకి దొంగలు దూరతారని అప్పుడే ఎక్కడో చదివి ఉన్నాను. మొత్తం ఫోల్డర్‌ను నా ఒక్కడి పేరు మీదికి మార్చేసి, నేను తప్ప ఇంకెవరూ అందులో రాయకుండా చేశాను. సాఫ్ట్‌వేర్ ఫైళ్లకు అలా చేయడం మంచిదే. అక్క పేజీలు పడాల్సిన ఫోల్డర్‌కు కూడా చేయడం బుద్ధి లేని పని. తాళం వేశాక మరోసారి రాసి చూడాలని నాకు తోచలేదు. తాళం పడిందంటే అంతా క్షేమమని మాకు ఒంట్లో ఇంకిపోయింది.

తరువాత గనిలో మట్టి తవ్విపోసే షావెల్ ఒకటి పాడై రెండు వారాలు నాకు ఊపిరాడలేదు. ఫోన్‌లో అడిగినప్పుడల్లా రాస్తున్నానంది అక్క. ఐదిళ్లయ్యాయంది, తరువాత పదకొండంది. నేను వర్క్‌షాపులో గొప్పగా చెప్పుకున్నాను. సైటు తెరిచి చూడ్డానికి అర నిమిషం పట్టేది. చూడలేదు. ఇది తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆదివారం సెలవు దొరికితే ఊరికి వెళ్లాను. అక్క రాసిన పదకొండిళ్లలో నాలుగు అప్పటికే మట్టి దిబ్బలు. అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని సైటు తెరిచాం. "ఇది మా ఊరు" అన్న ముక్క ఒక్కటే ఉంది.

అక్క మళ్లీ తెరిచింది. మళ్లీ అదే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏం నొక్కావు, ఎక్కడ నొక్కావు, సేవ్ అంటే ఏమిటో తెలుసా అంటూ అంగన్‌వాడీలో పనిచేసే ఆయమ్మ ముందే అరిచాను. యాభై ఏళ్ల మనిషి, ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి, బడిపిల్లలా తల వంచుకుంది.

"సేవ్ కొట్టిన తమ్మీ. ఎర్రగ ఒక పట్టి వచ్చేది, ఇంగ్లీషుల. అది మా ఫోన్ల రోజూ వస్తది గదా."

అప్పుడు అర్థమైంది నాకు. అంగన్‌వాడీ ఫోన్‌లో పిల్లల బరువులు ఎక్కించేటప్పుడు ఊళ్లో సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది. ఎర్రగా ఏదో వస్తుంది. రాసింది ఫోన్‌లోనే ఉండి, మండలంలో మీటింగ్‌కు వెళ్లినప్పుడు సిగ్నల్ బాగా అందగానే దానంతటదే వెళ్లిపోతుంది. ఏళ్లుగా అక్కకు తెలిసిన పద్ధతి అది. తన ఇళ్లు కూడా ఫోన్‌లో దాగి ఉన్నాయనుకుంది. మొన్న మీటింగ్‌కు పోయినప్పుడు, హమ్మయ్య ఇక చేరి ఉంటాయని కూడా అనుకుందట.

ల్యాప్‌టాప్ తీసి సర్వర్ చిట్టా చూశాను. అక్క సేవ్ నొక్కిన ప్రతిసారీ ఒక వరుస ఉంది. అనుమతి లేదు. అనుమతి లేదు. కొన్ని ఇళ్లకు నాలుగైదుసార్లు నొక్కింది. నొక్కిన వేళ కూడా పక్కనే ఉంది, రాసిన మాట ఒక్కటి కూడా లేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తప్పు నాది అక్కా. నేనే తాళం ఏసిన," అన్నాను, ఆయమ్మకు కూడా వినబడేటట్టు.

అక్క తిడితే బాగుండేది. నిలిచి ఉన్న ఏడిళ్లు ఎక్కడికీ పోలేదు కదా, మళ్లీ రాస్తానంది. అక్కడికక్కడే ఆ ఫోల్డర్‌కు రాసే హక్కు తిరిగిచ్చి, అక్క చేత ఒక పేజీ రాయించి, ఫైలు పడిందో లేదో సర్వర్‌లో నా కళ్లతో చూసి గానీ లేవలేదు.

ఏడిళ్లనూ వారంలో రాసింది. కూలిన నాలుగింటిలో మూడిటి వాళ్లను పునరావాస కాలనీకి వెళ్లి మళ్లీ అడిగి రాసుకొచ్చింది. మిగిలింది మేకల కొట్టం ఉన్న ఇల్లు ఒక్కటి. ఆ ఇంటి ముసలమ్మ గోదావరిఖనిలో తన చెల్లెలి ఇంటికి వచ్చేసింది. బండి మీద తీసుకెళ్తాను, ఆమెనూ అడుగుదాం అన్నాను. నా తప్పు దిద్దుకోవాలన్న తొందర నాది.

అక్క ఒప్పుకోలేదు. "ఎవ్వలికి చెప్పని ముచ్చట నాకు చెప్పింది. చెప్పుకుంట ఏడ్సింది. రాస్కో బిడ్డా, ఇగ మల్ల చెప్ప అన్నది. ఇప్పుడు పోయి మల్ల ఏడ్వు అందునా?"

గుర్తున్నంత నువ్వే రాయమన్నాను. తన మాటలతో రాస్తే అది ఆమె ఇల్లు కాదంది. ఆ ముచ్చటేమిటో నాకూ చెప్పలేదు. ఆ ఒక్క పేజీకి పైన ఇంటి గుర్తు రాసి, కింద ఖాళీగా వదిలేసింది.

మూడు నెలల తరువాత దవాఖానలో మందుల వరుస దగ్గర ముసలమ్మే నన్ను గుర్తుపట్టింది. టీచర్ తమ్ముడివి కదూ అని పక్కన బెంచీ మీద కూర్చోబెట్టుకుంది. తన ఇల్లు ఫోన్‌లో ఉందట కదా, చూపించమంది. చూపించాను. ఆమెకు చదువు రాదు. తెల్లటి తెరను కాసేపు చూసి, "సదువు బిడ్డా, వింట," అంది.

మేకల కొట్టం ఉన్న ఇల్లు, అని పైనున్న ముక్క చదివాను. ఆమె మిగతాదాని కోసం నా మొహం చూస్తూ కూర్చుంది. ఏదో ఒకటి అల్లి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. అక్క అంతా రాసిందనీ, నా చేతులారా పోగొట్టాననీ, మళ్లీ అడగడానికి అక్కకు మనసు రాలేదనీ చెప్పాను.

ముసలమ్మ కొంగుతో తెర మీద నా వేలిముద్రలు తుడిచి ఫోన్ నా చేతికిచ్చింది.

"నేను ఏడుస్తనని అడుగలేదా ఆ పిల్ల? ఏడుస్తె ఏడుస్త. ఫోన్ చెయ్యి, రమ్మను."