పావుగంట ఆగుతుందని చెప్పాను

“బండెంతసేపాగుతాదక్కా?”

“పావుగంటాగుతాది. నెమ్మదిగా ఎల్లొచ్చీ. గేటు కాడ జాంకాయలమ్ముతారు, రెండు పట్టుకొచ్చీ.”

“సెప్పులు మూటకింద ఇరుక్కుపోనాయి.”

“పావుగంటకి సెప్పులేటే? ఎల్లు.”

తోడికోడళ్ళం, మీ అమ్మకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి, రేణూ. పద్దెనిమిదేళ్ళయింది. అప్పటికి నీకు ఆరేళ్ళు. ఆమె బచేలిలో ఉంది, నేను కిరండూల్‌లో ఉన్నాను, మధ్య జీపులో అరగంట కూడా పట్టదు. పెళ్ళిళ్ళలో ఒకే బంతిలో కూర్చున్నాం. మీ నాయనమ్మ పోయినప్పుడు శవానికి చెరోవైపు కూర్చుని ఏడ్చాం. ఒక్క మాట లేదు.

రాయి. పెన్ను ఆపకు. నలభై కిలోల చీరల మూట తలమీద పెట్టుకుని రైలు వంతెన మెట్లెక్కినదాన్ని నేను. మూట బరువైతే ఎక్కడో ఒకచోట దించుతాం, మెడ రుద్దుకుంటాం, మళ్ళీ ఎత్తుకుంటాం. దీన్ని దించే చోటు నాకు ఇన్నేళ్ళూ దొరకలేదు. చోటు లేకనా, దించే మనసు లేకనా? రెండోదే అనుకుంటాను.

పొద్దున నువ్వు చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ, మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకుని వచ్చావు. ఆసుపత్రి సామాను అమ్మే ఉద్యోగం, జగదల్‌పూర్ నుంచి విశాఖ దాకా వారం వారం తిరగాలన్నావు. “పెద్దమ్మా, పాతికేళ్ళు తిరిగావు కదా, టిప్స్ చెప్పు, రాసుకుంటా. మా అమ్మలాగ దారిలో దిగిపోకుండా చూడు” అని నవ్వావు. నేనూ నవ్వాను. నవ్వే హక్కు లేనిదాన్ని. పుస్తకం తియ్యమన్నది అందుకే.

ముందు నువ్వడిగినవి చెప్తాను. మాట తప్పించడానికి కాదు. అవి తెలిస్తే, నేను చేసిన పని ఎంత తెలిసి చేశానో నీకు అర్థమవుతుంది.

బండి బయలుదేరేది కిరండూల్ నుంచే కాబట్టి సీటు గురించి దిగులు లేదు. అయినా ముందే వెళ్ళు. ఖాళీ పెట్టెలో మొదటి అడుగు నువ్వే వేస్తే ఆ సంబరమే వేరు, ఇప్పుడు చెప్తుంటే కూడా నా అరికాళ్ళు జివ్వుమంటున్నాయి. లోయవైపు కిటికీ కోసం పాకులాడకు. అరకు దగ్గర పడేసరికి చూడవచ్చినవాళ్ళంతా నీ ఒళ్ళో పడి ఫోటోలు తీసుకుంటారు. కొండవైపు కూర్చో. సొరంగాలు వచ్చే ముందు అన్నం గిన్నె మూత తీయకు. ఒకసారి చీకట్లో నా చేపముక్క పోయింది. వెలుగొచ్చాక ఎదురుగా ఉన్న ఆరుగురినీ చూశాను, ఆరుగురూ కిటికీలోంచి బయటికే చూస్తున్నారు. పక్కన ఎవరూ ఇరుక్కోకూడదంటే ఎండుచేపల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకో. నీ సూదులూ గొట్టాలూ చేపల కంపు కొడితే డాక్టర్లు కొంటారో కొనరో, అది నువ్వే చూసుకో. టీసీతో హిందీలో మాట్లాడు, నెమ్మదిగా. విశాఖ షావుకార్లతో తెలుగులో మాట్లాడు, వేగంగా. పనసపళ్ళ బుట్టతో ఎక్కే ముసలివాళ్ళతో ఏ భాషా అక్కర్లేదు, నవ్వితే జరిగి చోటిస్తారు. సరుకు చూపించేటప్పుడు మొత్తం పరచకు. మూడు చూపించు, నాలుగోది మడత విప్పకుండా పక్కన పెట్టు. ఎవరైనా దాన్నే అడుగుతారు.

ఈ చివరిది నాది కాదు. మీ అమ్మది.

ఇంకొకటుంది, అన్నిటికంటే పెద్దది. ఆ రోజుల్లో ఆ కొండల్లో ఒకటే లైను. ఈ దారికి రాజు గనుల నుంచి విశాఖకు పోయే ఇనుపరాయి, మనం కాదు. విశాఖలో రాయి దింపేసి ఖాళీ గూడ్సు ఎదురొస్తుంటే మన బండిని పక్క లైనులో నిలబెట్టేవారు. అది దాటేదాకా మనకు కదలిక లేదు. అంతవరకు దిగొచ్చు, మొహం కడుక్కోవచ్చు, టీ తాగొచ్చు. అది దాటిపోయిందంటే ఇక రెండు నిమిషాలే. కొత్తవాళ్ళు బండి నిలబడి ఉందా అని చూస్తారు. తిరిగినవాళ్ళం గూడ్సు పోయిందా అని చూస్తాం.

ఆ రోజు కోరాపుట్ దాటాక ఒక చిన్న స్టేషన్లో ఆగాం. మధ్యాహ్నం. మీ అమ్మ, కొట్టుకి తిరిగిచ్చేయాల్సిన అమ్ముడుపోని చీరల మూటకి ఆనుకుని నిద్రపోతోంది. నేను మేలుకునే ఉన్నాను. గూడ్సు వచ్చింది, దాటింది. చివర గార్డు పచ్చజెండా కూడా చూశాను. ఆ తర్వాత మీ అమ్మ లేచింది. నీళ్ళ సీసా తీసుకుని నన్ను అడిగింది, బండి ఎంతసేపు ఆగుతుందని.

నేను పావుగంట అన్నాను.

చూశావా, పెన్ను ఆగింది. రాయమ్మా. నువ్వు రాయకపోతే నేను రేపు మళ్ళీ మాట మార్చేస్తాను. నన్ను నేనెరుగుదును.

ఎందుకన్నాను? పద్దెనిమిదేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. మీ పెదనాన్న పోయేసరికి నాకు ఇరవై ఎనిమిది. చీరల మూట తప్ప నాకింకో దారి లేదు. మీ అమ్మకు మొగుడున్నాడు, గనుల కంపెనీ ఇచ్చిన క్వార్టరు ఉంది, సరదాకి నా వెంట వచ్చింది, నా కూటికి అడ్డొచ్చింది. ఇలా చెప్పుకుంటే తేలిగ్గా ఉంటుంది. కానీ నిజమేనా? ఆమె వచ్చాక నా బేరం తగ్గలేదు, పెరిగింది. ఆమెకు హిందీ వచ్చు, గోండీలో హాస్యాలాడేది, క్వార్టర్లలో ఆడవాళ్ళు ఆమెను కూర్చోబెట్టి టీ ఇచ్చేవారు. నాతో గుమ్మం దగ్గరే మాట్లాడి పంపేసేవారు. విశాఖలో కొట్టు షావుకారు కొత్త సరుకు ఆమె ముందే పరిచేవాడు. “చిన్నమ్మగారి కన్ను పడితే ఆ రంగు అమ్ముడుపోయినట్టే” అనేవాడు. ఎవరి ముందు? ఆమెను చెయ్యి పట్టుకుని ఆ కొట్టు మెట్టెక్కించిన నా ముందు.

ఆకలి కాదు, రేణూ. కుళ్ళు. ఒక్కసారి, ఆ ఒక్క ప్రయాణం, దసరా సరుకు నేనొక్కదాన్నే ఎంచుకోవాలనిపించింది. అంతకు మించి ఆలోచించలేదు. ఆలోచించలేదంటే సరిపోతుందా? జాంకాయలు తెమ్మన్నాను కదా. గేటు ప్లాట్‌ఫారం ఆ చివర ఉంటుంది. నీళ్ళ పంపు దగ్గరైతే రెండు నిమిషాల్లో తిరిగొచ్చేస్తుందేమోనని గేటు దాకా పంపాను. ఆలోచించకుండా నోట్లోంచి జాంకాయలు వస్తాయా?

బండి కూత వేసింది. మీ అమ్మ గేటు దగ్గర వెనక్కి తిరిగింది. ఒక చేతిలో సీసా, కొంగులో కాయలు. పరుగెత్తింది. ఉత్తకాళ్ళతో, కంకర మీద. నా కిటికీ వైపే చూస్తూ పరుగెత్తింది. నేను మొహం కొండవైపు తిప్పుకున్నాను. నా తలమీదే చైను ఉంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన లేచి, “నీతో వచ్చినామె దిగిపోయిందమ్మా, చైను లాగనా?” అన్నాడు. “వెనక పెట్టెలో ఎక్కేసింది బాబూ, నేను చూశాను” అన్నాను. ఆయన కూర్చున్నాడు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. మొదటి మాట నోరు జారిందని ఎప్పుడైనా సర్దిచెప్పుకోగలిగానేమో. ఈ రెండో మాట దగ్గర నాకు ఏ సర్దుబాటూ దొరకలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఇంకా చెడ్డది. ఆ ప్రయాణంలో నేను సంతోషంగా ఉన్నాను.

అవును, రాయి. సొరంగాలు ఒక్కొక్కటీ దాటుతుంటే నా గుండె ఎగిరి పడింది. భయంతో కాదు. కొట్టులో షావుకారు “చిన్నమ్మగారు రాలేదా?” అంటే ఒంట్లో బాగాలేదన్నాను. పరుపు మీద కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, ఇది తియ్యి, అది తియ్యి అని చేత్తో చూపించాను. నా జన్మలో అంత బాగా ఏ ప్రయాణమూ సాగలేదు. ఒక్కటే లోపం. ప్రతి చీర పక్కన పెట్టేముందు, దీనికి పార్వతి ఏమంటుంది అని లోపల అడుగుతూనే ఉన్నాను. ఆమె ఒప్పుకుంటుందనుకున్నవే తెచ్చాను. అన్నీ అమ్ముడుపోయాయి. కన్ను ఆమెది, పేరు నాది.

మూడోరోజు బండి దిగి మీ క్వార్టరుకే వచ్చాను. మీ అమ్మ అంతకు ముందే చేరింది. ఆ స్టేషన్లో లైను పనివాడి పెళ్ళాం అన్నం పెట్టి, మర్నాడు తిరుగు బండి ఎక్కించిందట. కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని కూర్చుంది. వాకిట్లో మీ నాన్న, మీ నాయనమ్మ, పక్క క్వార్టరువాళ్ళు. నువ్వు నా సంచి లాక్కుని గాజులు వెతుక్కుంటున్నావు.

“ఏటే, పావుగంటాగుతాదన్నావట?” అని మీ నాయనమ్మ అడిగింది.

“నానెందుకలాగంతానత్తా? రెండు నిమిషాలే, దిగకే అన్నాను. నా మాటింటేనా?”

“అదే కదా. ఇన్నేళ్ళు తిరిగినదానికి బండి సంగతి తెలీదేటి? దీనికే మతి లేదు.”

చూశావా, ఎలా కుదిరిందో. నాకు తెలుసు కాబట్టే అబద్ధం ఆడగలిగాను. నాకు తెలుసు కాబట్టే ఎవరూ అబద్ధమనుకోలేదు.

మీ అమ్మ వాదించలేదు. నా మొహంలోకి చూసింది, అంతే. నేను మూటలోంచి ఆమె చెప్పులు తీసి ముందు పెట్టాను. విశాఖ దాకా వెళ్ళి తిరిగొచ్చిన చెప్పులు. వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆమెకు బండి తప్పిన పార్వతి అని పేరు. మీ నాన్న మళ్ళీ పంపలేదు. రంగు చూసి చీర నప్పేదో కాదో చెప్పే మనిషి, ఎర్రదుమ్ము పడిన దండెం మీది బట్టలు దులుపుకుంటూ ఉండిపోయింది. విశాఖలో పెళ్ళికైనా, ఆసుపత్రికైనా బస్సులోనే వెళ్తుంది. అమ్మకు రైలంటే భయం అని నువ్వు పదిమందిలో చెప్పి నవ్వించావు. నేను విన్నాను. భయం కాదు, రేణూ. మరేమిటో ఆమెనడిగే మొహం నాకు లేదు. మీ అమ్మ మతిమరుపుది కాదు. దారి తెలిసినదాని మాట నమ్మింది, అదొక్కటే ఆమె చేసిన తప్పు.

నేనో? పోయినేడు దాకా తిరిగాను. కొత్తగా చీరల బేరానికి దిగిన ప్రతి ఆడదానికీ చిట్కాలు చెప్పాను. చెప్పులు విప్పకండి, చేతిసంచి వదిలి దిగకండి, గూడ్సు పోతే కదలకండి. ఎంత మంచిదానివమ్మా అన్నారు. ఎవరి కాళ్ళ మీద నేర్చుకున్నానో అడిగినవాళ్ళు లేరు.

నా గుండె చూడు, బండి కదిలేముందు కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. చెమటలు పడుతున్నాయి, ఆకలి కూడా వేస్తోంది. ఇన్నేళ్ళకు నోరు తెరిస్తే ఇలా ఉంటుందని తెలిస్తే ముందే తెరిచేదాన్నా? తెరిచేదాన్ని కాదు. ఆ మాట కూడా రాయి.

రేపు పొద్దున బచేలి స్టేషనుకు మీ అమ్మ వస్తుంది, నీకు అన్నం గిన్నె అందించడానికి. ఈ కాగితాలు ఆమె చేతిలో పెట్టు. ఏడో తరగతి దాకా చదువుకుంది, చదువుకోగలదు. చింపేస్తుందో, మీ నాన్నకూ క్వార్టరువాళ్ళకూ వినిపిస్తుందో, ఆమె ఇష్టం. వినిపిస్తే నేను కాదనను. క్షమించమని ఎక్కడా రాయకు. అది అడగడానికి కాదు ఇదంతా.

బచేలిలో బండి రెండు నిమిషాలే ఆగుతుంది. నేను చెప్పానని నమ్మకు, స్టేషన్లో అడిగి తెలుసుకో.

కింద నా సంతకం నేనే పెడతాను, అది వచ్చు నాకు. ఆగు, ముందు ఒకసారి చదువు. ఏడుపు తర్వాత. మొదటినుంచి, గట్టిగా చదువు. పావుగంట అన్న చోట గొంతు తగ్గించకు. నేనన్నది అన్నట్టే ఉందో లేదో నా చెవులతో వినాలి. చదువమ్మా.