తవిటికి అమ్మిన పిల్ల

దెయ్యాలూ దిష్టులూ అంటే నాకు ఒళ్ళుమంట. పటమటలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. దిష్టి తీసిన నిమ్మకాయ తొక్కితే ఏమవుతుందని పిల్లలు అడిగితే, చెప్పు పాడవుతుందని చెప్పే రకాన్ని. ఇప్పటికీ అంతే, ఈ ఒక్క సంగతి తప్ప.

నాకు పెళ్ళికి ముందు నుంచే షుగర్. మొదటి రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు అన్నం కొలుచుకుని తిన్నాను, పూటపూటా ఇన్సులిన్ పొడుచుకున్నాను, మామిడిపండ్ల కాలమంతా ఒక్క ముక్క ముట్టలేదు. అయినా ఏడో నెలలోనే ఉమ్మనీరు పోయింది. ఆపరేషన్ చేసి పాపను తీశారు.

చూడ్డానికి నెలలకు మించి బొద్దుగానే ఉంది. షుగర్ ఉన్న తల్లుల పిల్లలు కొందరు అలాగే ఉంటారట. పైకి బరువుంటుంది గానీ లోపల ఊపిరితిత్తులు ఎదగవు. గాజుపెట్టెలో పెట్టి, ముక్కులో గొట్టం వేశారు. దాని ఒంట్లో షుగరేమో మాటిమాటికీ పడిపోయేది. మూడోరోజు పొద్దున డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి, మనసు గట్టి చేసుకోమన్నారు.

మా అత్తయ్యగారిది దివిసీమ వైపు పల్లెటూరు. ఆవిడ ఏడవలేదు. నా మంచం పక్కన కూర్చుని, "అమ్మాయ్, పాపను తవిటికి అమ్మేద్దామే. మా పెద్దన్నయ్యనీ అట్టాగే అమ్మారు. నిండా బతికాడు" అన్నారు.

పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళలో, తర్వాత పుట్టిన బిడ్డను పరాయివాళ్ళకు కాస్త తవుడు తీసుకుని అమ్మినట్టు చేస్తారు. ఇక ఆ బిడ్డ మనది కాదు గనక మన రాత దాన్ని అంటదని నమ్మకం. తర్వాత కొన్నవాళ్ళే, పెంచమని మన చేతికి తిరిగి ఇస్తారు.

మామూలుగా అయితే నవ్వేసేదాన్ని. ఆ రోజు "ఎవరు కొంటారు అత్తయ్యా?" అని అడిగాను. అలా అడిగానంటే నా పరిస్థితి మీరే అర్థం చేసుకోండి.

ఆవిడ కింద హాల్లో కూర్చున్నవాళ్ళని ఒక్కొక్కరినే బతిమాలారు. పోయేలా ఉన్న బిడ్డను ఉత్తుత్తికి కొనడానికి కూడా ఎవరూ ఒప్పుకోలేదు. మిల్లుకెళ్ళి తవుడన్నా తెమ్మంటే మా ఆయన "ఊరుకోమ్మా, నీకు దణ్ణం పెడతా" అని గోడకేసి తిరిగి ఏడ్చారు.

మధ్యాహ్నం నన్ను వీల్‌చైర్లో పాప దగ్గరికి తీసుకెళ్ళారు. మోచేతుల దాకా సబ్బుతో కడిగించి, వాళ్ళ గౌను తొడిగి, పెట్టె పక్కన కూర్చోబెట్టారు. పాప రంగు మారిపోయి ఉంది. దగ్గర్లో ఎవరూ లేరు. నాకు పిచ్చెక్కినట్టయింది.

"ఎవరైనా సరే, అమ్మేస్తున్నా, తీసుకోండి. నాది కాకపోయినా పర్లేదు, బతికుంటే చాలు" అన్నాను. మనసులో కాదు, పైకే అన్నాను.

కాసేపటికి నర్సు వచ్చి, పాప కింద గుడ్డ మార్చడానికి పెట్టె తలుపు తీసింది. వెంటనే నా వైపు తిరిగి, "ఏంటి మేడమ్ ఇది? లోపల ఏం పోశారు?" అని కసిరింది.

పాప కాళ్ళ దగ్గర పిడికెడు తవుడు. కొత్త తవుడు, ఇంకా మిల్లు వాసన వస్తోంది.

నా గౌనుకు జేబుల్లేవు. అత్తయ్యగారు ఆ గది గడప తొక్కలేదు. మా ఆయన ఆసుపత్రి దాటి వెళ్ళలేదు. నేను ఆ పెట్టె మీద చెయ్యి కూడా వెయ్యలేదు. నర్సు నమ్మలేదనుకోండి, ఆమె స్థానంలో నేనున్నా నమ్మను.

ఆ సాయంత్రానికి పాప షుగర్ నిలబడింది. కొన్నాళ్ళకు గొట్టం తీసేశారు. మందు ఆలస్యంగా పనిచేసి ఉంటుందన్నారు డాక్టరమ్మ. అయ్యుండొచ్చు, కాదనను. మరి ఆ తవుడు?

అత్తయ్యగారు సంబరపడతారనుకుని జరిగిందంతా చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఎవరికమ్మావే తల్లీ? పెంచుకోమని వాళ్ళు మళ్ళీ నీ చేతికియ్యాలి గదా" అన్నారు.

పాపకిప్పుడు నాలుగేళ్ళు. ఆరోగ్యంగా ఉంది, అల్లరి పిడుగు. ఆ రోజు ఏం జరిగిందో నాకీనాటికీ అంతుపట్టలేదు. బజారులో ముక్కూమొహం తెలియనివాళ్ళు దాని బుగ్గ పట్టుకుని "మీ పాపేనా అండీ?" అని అడుగుతుంటారు. నేను ముందు దాని చెయ్యి గట్టిగా పట్టుకుంటాను. ఆ తర్వాతే అవునంటాను.