ఆవకాయ బేసిన్

మా ఆయన ఆఫీసులో టీమంతా కలిసి అన్నం మానేశారు. నడుము తగ్గాలంటే ముందు పిండిపదార్థాలకు నోరు కట్టుకోవాలని లంచ్ దగ్గర తీర్మానించుకున్నారట. అప్పటి నుంచి పుప్పాలగూడలోని మా ఫ్లాట్‌లో రోజూ వాదనే. ఆయన ఫోన్‌లో ఒక డాక్టర్ వీడియో చూపిస్తే, దానికి సరిగ్గా ఎదురు చెప్పే ఇంకో డాక్టర్‌ని నేను వెతికి చూపించేదాన్ని. కాలీఫ్లవర్ తురిమి ఉడికించి, దాన్ని అన్నం అన్న రోజు మాత్రం నాకు ఒళ్లు మండింది. కూరగాయను కూరగా తినక, దానికి అన్నం వేషమెందుకని కసిరాను.

ఎండాకాలంలో ఒక ఆదివారం ఆవకాయ కలిపాను. జాడీకి ఎత్తాక బేసిన్ అడుగున ఎర్రటి నూనె, కాస్త ఆవపిండి మిగిలాయి. గుంటూరులో మా పుట్టింట్లో దాన్ని నీళ్లతో కడిగేస్తే ఊరుకోరు. పొగలు కక్కే అన్నం అందులోనే వేసి, నెయ్యి పోసి, బేసినంతా తుడుస్తూ కలిపి తలా ఒక ముద్ద పెడతారు. నేనూ అలాగే కలిపాను.

మొదటి ముద్ద నా నోటి దాకా వెళ్లేసరికి, ఆయన కీరా ముక్కల ప్లేటు పక్కన పెట్టి, నా ఎదురుగా కూర్చుని అరచెయ్యి చాపారు. నేనేమీ అనకముందే, "ఇది అన్నం తినుడు కాదు, బేసిన్ కడుగుడు. నీకు జర సాయం చేస్తున్న, అంతే" అన్నారు.

నవ్వు ఆపుకుంటూ ముద్ద మీద ముద్ద పెట్టాను. చివరికి బేసిన్ తళతళలాడింది. ఆయన దాని లోపలికి తొంగి చూసి, వేళ్లు నాక్కుంటూ అడిగారు.

"కడిగేటివి ఇంకేమన్న గిన్నెలున్నయా?"